ముందు కూర్చున్న మనిషి

శనివారం పొద్దున ఏడుంపావుకి పక్కవాటా తలుపు తెరుచుకున్న చప్పుడు విని, వసుంధర టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ తలుపు ఆ వేళకి తెరుచుకోకూడదు. శనివారాలు షెహజాది ఆంటీ తెల్లవారుజామున అయిదింటికి వెళితే మధ్యాహ్నం మూడింటికి గాని రాదు. క్వేకర్స్ హిల్‌లో ఒకే గోడకి అటూ ఇటూ కాపురం పెట్టి ఏడాదిన్నర దాటింది. ఆ ఇంట్లో కుక్కర్ ఎన్ని కూతలు కూస్తే పప్పు దించుతారో కూడా ఈ ఇంట్లో తెలుసు.

ఈ దేశంలో జూలై అంటే చలికాలం. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. షెహజాది లోపలికి పోకుండా మెట్టు మీదే కూర్చుంది. తలగుడ్డ మీద వంటగది టోపీ ఇంకా అలాగే ఉంది. పని బూట్లు విప్పి, ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా జోడించి పెట్టింది. మళ్ళీ తీసి తొడుక్కోబోయి, ఎందుకో ఆగి, మళ్ళీ కింద పెట్టింది. వసుంధర చెప్పులు వేసుకుని గబగబా బయటికి వచ్చింది.

షెహజాదిది కర్నూలు. భర్త నిస్సార్ అహ్మద్ టాక్సీ నడుపుతాడు. పొద్దున పూట ఆయనకి నిద్ర. ఆమె వృద్ధుల హోములో వంటగది పనికి పోతుంది. రోజుల లెక్కన పిలిచే పని. పిలుపు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కూరగాయలు తరగడం, నమలలేని ముసలివాళ్ళకి కూర మెత్తగా రుబ్బిపెట్టడం, ట్రేల మీద పేర్ల చీటీలు పెట్టడం ఆమె వంతు. నలభై మంది ముసలివాళ్ళలో ఎవరికి ఉప్పు పడదో, ఎవరికి పాలు పడవో చీటీ చూడకుండా చెప్పగలదని అక్కడివాళ్ళు అనేవారు.

"నేను రానని చెప్పినానంట," అంది షెహజాది తల ఎత్తకుండా. "మూడు తూర్లు అయింది ఇట్లా. పోయి చూస్తే నా జాగాలో ఇంకొకామె ఉండాది. ఎప్పుడు చెప్పినా? నా నోటితో చెప్పినానా? నువ్వు చదువమ్మా, ఏం రాసినారో."

ఆమె చాచిన కవరులో రెండు కాగితాలున్నాయి. మొదటిదాంట్లో, మూడు సార్లు ఆఖరి నిమిషంలో డ్యూటీ మానుకున్నందువల్ల ఆమె పేరు పిలుపుల జాబితాలోంచి తీసెయ్యబోతున్నామనీ, చెప్పుకోవలసింది ఏమైనా ఉంటే బుధవారం పదింటికి రావచ్చుననీ, వెంట ఒకరిని తెచ్చుకోవచ్చుననీ ఉంది. రెండోది కంప్యూటర్లోంచి తీసిన పట్టీ. షెహజాది పేరు, పక్కన మూడు ఎర్ర గుర్తులు, వాటి తేదీలు. ఆ పట్టీ అడుగున సన్నని అక్షరాలతో ఉన్న సైటు పేరు మీద వసుంధర వేలు ఆగింది. అది తన చేతిమీదుగా తయారైన సైటు.

షెహజాదికి ఆ సంగతి తెలియదు. వసుంధర కంప్యూటర్ ఆఫీసులో చేస్తుందని తెలుసు, అంతే. ఆమె అనుమానమంతా ఫరహ్ మీద. ఫరహ్ కూడా ఆ వంటగదిలోనే పని. బ్లాక్‌టౌన్ అవతలి నుంచి కారులో వచ్చి, రోజూ, తనకి పని లేని శనివారాలు కూడా, షెహజాదిని ఎక్కించుకుపోయి దింపే మనిషి. గురువారాలు పని అయ్యాక, పై వారం డ్యూటీలు చూసుకోవడానికి ఇద్దరూ స్టోర్ రూమ్ పక్కనున్న కంప్యూటర్ ముందుకి పోతారు. ముందు ఫరహ్ కూర్చుంటుంది, ఆమె లేచాక షెహజాది. ఈ ఒక్క సంగతి పట్టుకుని షెహజాది లెక్క వేసుకుంది. నాకంటే ముందు కూర్చునేది ఆమె, నాకంటే బాగా ఇంగ్లీషు వచ్చేది ఆమె, నా పేరు మీద ఏదో నొక్కేది ఆమె కాక ఇంకెవరు? పోయిన వారమే కారు పార్కులో పదిమంది ముందు అడిగేసిందట, నా కూటి మీద ఎందుకు కొట్టినావని. అప్పటి నుంచి ఫరహ్ కారు ఈ వీధికి రాలేదు. ఈ పొద్దున షెహజాది మొదటి బస్సు కోసం చలిలో ముప్పావుగంట నిలబడింది.

"పన్నెండేండ్ల స్నేహం అమ్మా," అని ఆమె బూటు లేసు ముడి వేసింది, కాళ్ళకి బూట్లు లేకుండానే.

*

ఆదివారమంతా వసుంధర ఇంట్లో ఒక చోట కూర్చోలేదు. బట్టలు మడతపెట్టి, మళ్ళీ విప్పి ఇస్త్రీ చేసింది. ఇంటి ఫోను లైను మీద ఇంటర్నెట్ పెట్టి సైటు తెరిచింది గాని, ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో చూపించే రికార్డులు ఆఫీసులో తప్ప కనబడవు. భర్త యోగానంద్ ఉద్యోగాల ప్రకటనలు ముందు వేసుకుని పెన్నుతో గుండ్రాలు చుడుతున్నాడు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయం ఉన్నన్నాళ్ళూ అతన్ని ఇంటికి ఫోన్ చేసి మరీ పిలిచారు. ఆ భయం తీరాక, మొన్న మార్చిలో, మర్యాదగా పంపించేశారు. ఇప్పుడు ఈ దేశంలో ఇద్దరూ ఉంటున్నది వసుంధర వీసా మీద. ఆమె కంపెనీ వద్దంటే ఇరవై ఎనిమిది రోజుల్లో బయలుదేరాలి. స్థిరంగా ఉండిపోవడానికి పెట్టుకున్న కాగితాలు కంపెనీ సంతకం కోసం టీమ్ లీడర్ రాధాకృష్ణ గారి బల్ల మీద ఉన్నాయి.

"ఆంటీ గొడవ నీకెందుకు అంత పట్టింది?" అని అడిగాడు యోగానంద్. ఆమె ఏమీ లేదంది. ఆ మాట అబద్ధమని అంటున్నప్పుడే ఇద్దరికీ తెలుసు.

సోమవారం ఆఫీసుకి అందరికంటే ముందు చేరింది. పారమట్టాలో నాలుగో అంతస్తు. ఉగాదినాటికి ఇరవై రెండు బల్లలు ఉండేవి, ఇప్పుడు పదకొండు మందే కూర్చుంటున్నారు. వెళ్ళిపోయేవాళ్ళకి శుక్రవారం సాయంత్రం కేకు కోసి పంపిస్తారు. మిగిలినవాళ్ళు ఆ కేకు తింటూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. వసుంధర రికార్డులు తెరిచి, మూడు గురువారాలవీ ప్రింటు తీసి, స్కేలు పెట్టి వరసవరసా చదివింది.

ఒకటీ యాభై రెండుకి ఫరహ్ లాగిన్ అయింది. ఒకటీ యాభై మూడుకి శనివారం పొద్దుటి డ్యూటీ తను చేయనని నొక్కింది. శనివారాలు కూతురు అలీజాకి ఈత క్లాసు అని కారణం గడిలో ఉంది. మానుకోవడం ఆమె హక్కు, అది ఆమె ముందుగానే చెప్పుకున్న సంగతి. ఒకటీ యాభై నాలుగుకి పద్ధతిగా లాగౌట్ అయింది. ఒకటీ యాభై అయిదుకి షెహజాది లాగిన్ అయింది. లాగిన్ అయిన అదే సెకనులో, అదే శనివారం డ్యూటీ, షెహజాది పేరు మీద రద్దయింది.

అదే సెకనులో. పేజీ కళ్ళకి కనబడకముందే ఏ మనిషీ మీట నొక్కలేడు.

వసుంధర స్కేలు పక్కన పెట్టింది. ఏం జరిగిందో ఆమెకి ఇంకొక వరస చదవనక్కర్లేకుండా తెలిసిపోయింది. అంతకుముందు ఆ సైటులోకి ఎవరు లాగిన్ అయినా డైరెక్టరు గారి శుభాకాంక్షల పేజీకే పోయేవారు. అక్కడి నుంచి తమ డ్యూటీ పట్టీ వెతుక్కోవడానికి నాలుగు చోట్ల నొక్కాలి. పది నిమిషాల టీ విరామంలో ఆ తిరుగుడు ఏమిటని పనివాళ్ళు మొత్తుకున్నారు. ఏప్రిల్‌లో వసుంధర కూర్చుని తొమ్మిది లైన్లు రాసింది. మనిషి ఆఖరున ఏ పేజీలో ఉందో ఆ చిరునామా ఆ కంప్యూటర్లోనే దాచిపెట్టి, మళ్ళీ లాగిన్ కాగానే సరాసరి అక్కడికే తీసుకుపోవడం. మొదటి నుంచి మొదలుపెట్టించకుండా, వదిలిన చోటికే చేర్చడం. ఆ పని చేసిన రోజు ఆమెకి ఎంత తృప్తిగా ఉందంటే, ఇంటికి వెళ్ళి పాయసం వండింది.

ఆమె ఆఫీసులో ఒక్కొక్కరికి ఒక్కొక్క కంప్యూటర్. పరీక్ష చేసినప్పుడు అంతా సవ్యంగానే నడిచింది. వంటగదిలో పదిహేనుమందికి ఒకటే కంప్యూటర్ ఉంటుందన్న సంగతి ఆమెకి తట్టలేదు. ఆ దాచిన చిరునామా ఎవరిదో ఆ తొమ్మిది లైన్లూ అడగవు. లాగౌట్ అయినప్పుడు దాన్ని చెరిపెయ్యవు. ఫరహ్ లేచిపోయాక ఆమె ఆఖరున నొక్కిన 'చేయను' అన్న పేజీ అక్కడే కాచుకుని ఉంటుంది. షెహజాది తన పేరు కొట్టగానే ఆ పేజీ ఆమెని లాక్కుపోయి, ఆమె పేరు మీద అదే పని మళ్ళీ చేసేస్తుంది. మీ కోరిక నమోదైంది అన్న వాక్యం ఇంగ్లీషులో తెర మీద కనబడుతుంది. ఆ మనిషి దాన్ని మర్యాదగా పలకరించే మాట అనుకుని, పక్కనున్న పై వారం పట్టీ పేజీకి పోయి ఉంటుంది.

రాధాకృష్ణ గారు పదింటికి వచ్చారు. ఏలూరు మనిషి. వసుంధరని ఈ దేశానికి తెప్పించిందీ, వచ్చిన కొత్తలో వారం రోజులు సొంత ఇంట్లో ఉంచుకుని రైలెక్కడం నేర్పిందీ ఆయనే. ప్రింటు మీద ఆమె పెన్సిలుతో గీసిన గీతల్ని ఆయన కళ్ళజోడు పైకెత్తి రెండుసార్లు చూశారు. తరవాత కాగితాల్ని నాలుగుగా మడిచి చేతిలో పట్టుకున్నారు.

"ఒక లైను కలిపితే సరిపోతుందిగా?" అని అడిగారు. సరిపోతుందని ఆమె చెప్పింది. "అయితే కలిపెయ్యమ్మా. ఇవాళే. మామూలు మార్పుల్లో వేసి పంపించు."

మరి ఆ మూడు గుర్తుల సంగతేమిటని ఆమె అడిగింది. ఆయన కాసేపు ఖాళీ బల్లలవైపు చూశారు. ఈ వృద్ధుల హోములవాళ్ళ ఒప్పందం ఈ నెలాఖరుకి తిరగరాయాలనీ, కొత్తగా ఇంకో నాలుగు హోములు ఇస్తామంటున్నారనీ, అది పోతే వచ్చే శుక్రవారం కేకు ఎవరి పేరు మీద వస్తుందో తనకే తెలియదనీ మెల్లగా చెప్పారు. ఆమె కాగితాలు తన బల్ల మీదే ఉన్నాయని ఆయన అనలేదు. అనవలసిన అవసరం లేదు.

"తప్పు దాచమనట్లేదమ్మా నేను. సరిచెయ్యమంటున్నాను. ఇంక ఎవరికీ జరగదుగా."

వసుంధర ఆ ఒక్క లైనూ రాసింది. ఒకే కంప్యూటర్లో, రెండు పేర్లతో పన్నెండుసార్లు లోపలికి పోయి బయటికి వచ్చి చూసింది. ప్రతి మనిషీ తన పేజీకి తను పోయింది. సాయంత్రం నాలుగింటికి మార్పు పంపించింది. రైల్లో ఇంటికి వస్తూ, సెవెన్ హిల్స్‌లో ఎవరో దిగుతుంటే తనూ లేచి, అది తన స్టేషన్ కాదని గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది.

*

మంగళవారం ఆఫీసుకి సెలవు చెప్పి పక్కవాటా తలుపు తట్టింది. షెహజాది వంటగదిలో మెంతికూర ఒలుస్తోంది. మూడు కట్టలు ముందు పోసుకుంది. ఇంట్లో ఉన్నది ఇద్దరు, అంత కూర ఎవరు తింటారని అడిగితే, చేతులు ఊరికే ఉండలేవంది. వసుంధర కూడా ఒక కట్ట లాక్కుని ఒలుస్తూ చెప్పింది. ముందు ఫరహ్ తప్పేం లేదని చెప్పింది. తరవాత కంప్యూటర్ దానంతటదే చేసిందని చెప్పింది. ఆఖరుకి, అలా చేయించింది తన రాతేనని చెప్పింది.

షెహజాది ఒలవడం ఆపలేదు. కాడలు ఒకవైపు, ఆకులు ఒకవైపు పడుతూనే ఉన్నాయి. రెండో కట్ట విప్పుతూ అడిగింది.

"ఫరహ్ ఏం నొక్కలేదు?"

"తన డ్యూటీ తను మానుకుంది ఆంటీ. మీ జోలికి రాలేదు."

"పదిమందిలో అడిగితి గదమ్మా దాన్ని. దాని బిడ్డ కూడా కార్లో ఉండె. ఏమనింది ఆ పిల్ల, వై ఈజ్ ఆంటీ షౌటింగ్ అనింది." ఆమె గొంతులో కోపం ఉంది, కానీ అది వసుంధర మీదో, తన మీదో తెలియలేదు. "పని పోతే ఇంకో పని. ఆ మాట యాడికి పోతాది?"

వసుంధర పొద్దుటి నుంచి వల్లెవేసుకున్న మాట చెప్పింది. రేపు మీటింగులో, లాగిన్ అయిన సెకనూ రద్దయిన సెకనూ ఒకటేనని చెప్పమంది. కంప్యూటర్ రికార్డు చూపించమని గట్టిగా అడగమంది. తేదీలూ టైములూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తెచ్చింది. దాన్ని ఉప్పు డబ్బా కింద పెట్టింది.

షెహజాది ఆ కాగితంవైపు చూసింది, తరవాత వసుంధరవైపు.

"నువ్వు రావా రేపు?"

వసుంధర చేతిలో కాడ విరిగింది. తను వస్తే కంపెనీ తరఫున వచ్చినట్టవుతుందనీ, అందుకు అనుమతి కావాలనీ, అదొక పద్ధతనీ ఏదేదో చెప్పింది. చెబుతుంటే తన గొంతు తనకే రాధాకృష్ణ గారి గొంతులా వినిపించింది. షెహజాది అంతా విని, సరేలే అన్నట్టు తలూపి, ఒలిచిన ఆకులో సగం ఒక గిన్నెలో పోసి ఆమె చేతికిచ్చింది.

"పప్పులో ఎయ్యి. యోగానంద్‌కి ఇష్టం గదా."

ఆ సాయంత్రం యోగానంద్‌కి మొత్తం చెప్పింది. అతను పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టి, చివరికి రెండు నెలలు ఆగి చెప్పవచ్చు గదా, కాగితాలు వచ్చేస్తాయి అన్నాడు. అప్పటికి ఆంటీ పేరు ఆ జాబితాలో ఉంటుందా అని ఆమె అడిగింది. అతను లేచి పెరట్లోకి పోయాడు. బట్టలు తీస్తూ కంచె మీదుగా షెహజాదితో ఏదో మాట్లాడటం కిటికీలోంచి కనబడింది. ఏమిటని అడిగితే, ఊరికే, చలి గురించి అన్నాడు.

బుధవారం పది గంటలకి వసుంధర తన బల్ల ముందు కూర్చుని గోడ గడియారం చూసింది. పదింపావుకి చూసింది. పదిన్నరకి ఫోను ఎత్తి దించింది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పక్కవాటాకి తాళం వేసి ఉంది. బూట్లు మెట్టు మీద లేవు.

*

గురువారం పదకొండింటికి హోములవాళ్ళ దగ్గర నుంచి వచ్చిన ఫిర్యాదుల వరసలో తను అంతకుముందు చూడనిది ఒకటి కనిపించింది. సైటులో తప్పేమైనా ఉందేమో చూడమని వంటగది సూపర్‌వైజరు లిన్ సోమవారం నాడు రాసింది. అది తెరిచినదీ ఆమే, బుధవారం మధ్యాహ్నం మూసేసినదీ ఆమే. కారణం అన్న చోట ఉన్న మాటలు వసుంధర రెండుసార్లు చదివింది. వాడిన మనిషి పొరపాటు. ఆమె ఒప్పుకున్నారు. ఒప్పుకోలు పత్రం జతచేశాం.

ఫ్యాక్సు కాగితం బొమ్మ మెల్లగా పైనుంచి కిందికి తెరుచుకుంది. గుండ్రని చిన్నపిల్లల చేతిరాతలో, ఇంగ్లీషులో మూడు వాక్యాలు. మూడు సార్లూ నేనే తెలియక నొక్కాను. కంప్యూటర్ తప్పు గాని, ఇంకొకరి తప్పు గాని లేదు. తోటి ఉద్యోగిని అనుమానించినందుకు సిగ్గుపడుతున్నాను. కింద షెహజాది సంతకం, దాని పక్కన వెంట వచ్చిన మనిషి సంతకం. ఫరహ్‌ది.

వసుంధర మెట్ల దగ్గరికి పోయి షెహజాదికి ఫోన్ చేసింది. వెనక కుక్కర్ కూత వినిపిస్తోంది.

"నేను రాసిచ్చిన కాగితం చూపించలేదా ఆంటీ?"

"చూపిస్తే ఎవరు రాసినారు అంటారు గదమ్మా. నిన్ను పట్టుకుంటారు. మీకు ఇరవై ఎనిమిది దినాలంట. యోగానంద్ చెప్పినాడు." అవతల మూత తీసిన చప్పుడు. "ఈ వీధిలో నేను వచ్చినాక తొమ్మిది ఇండ్లు ఖాళీ అయినాయి. టాటా చెప్పి చెప్పి చెయ్యి నొచ్చింది. లాండ్రీలో పిలుస్తామన్నారు, సోమవారం పోయి చూస్తా."

"ఫరహ్ గారు?"

"మంగళవారం సాయంత్రం పోయినా వాళ్ళింటికి. నా తప్పే అని చెప్పినా. గంట తిట్టింది. తిట్టి, బిడ్డతో ఆ కాగితం రాయించింది. తెల్లారి కారు తెచ్చి నిలిపింది." మూత మళ్ళీ పెట్టి అంది. "పప్పు ఎట్లుండె?"

బాగుందని వసుంధర చెప్పింది. ఆ పప్పు వండనే లేదు. మెంతాకు ఫ్రిజ్‌లోనే ఉంది.

బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. తను రాసిన తొమ్మిది లైన్లు ఒక మనిషి పేరు మీద మూడుసార్లు అబద్ధం చెప్పాయి. నాలుగోసారి ఆ మనిషి చేతే, తెలిసి, చెప్పించింది తను. ఆ ఒప్పుకోలులో ఫరహ్ నిర్దోషి, కంప్యూటర్ నిర్దోషి, కంపెనీ నిర్దోషి. అందరూ క్షేమం. రాధాకృష్ణ గారు అటుగా పోతూ, ఆ ఫిర్యాదు మూసేశారటగా అని తేలిక పడిన గొంతుతో అన్నారు. అవునండీ అంది.

ఆయన తన గదిలోకి పోయేదాకా ఆగింది. మూసిన ఫిర్యాదు పక్కన 'మళ్ళీ తెరువు' అని చిన్న మీట ఉంటుంది. దాన్ని ఎవరైనా నొక్కితే అటు హోముకీ ఇటు తన టీమ్ లీడర్‌కీ ఒకేసారి కబురు పోతుంది. ఆ ఏర్పాటు కూడా తనదే. కారణం రాయమన్న గడిలో ఆమె ముందు పొడుగ్గా రాసింది, సెషన్లనీ చిరునామాలనీ. అదంతా చెరిపేసింది. సోమవారం ప్రింటు తీసిన మూడు గురువారాల రికార్డులు జతచేసి, కింద మళ్ళీ రాసింది. ఆమె నొక్కలేదు. ఆమె లాగిన్ కాగానే, అంతకుముందు కూర్చున్న మనిషి ఆగిన పేజీకి సైటే ఆమెని తీసుకుపోయి రద్దు చేసింది. ఏప్రిల్‌లో అలా రాసింది నేను. తప్పని నాకు సోమవారమే తెలుసు. కింద పేరు, పూర్తి ఇంటిపేరుతో.

నిజంగా తెరవాలా అని తెర అడిగింది. యోగానంద్ పెన్ను మూత గుర్తొచ్చింది. ఆమె అవునన్న మీట నొక్కింది.

గదిలో రాధాకృష్ణ గారి కంప్యూటర్ చిన్నగా మోగింది. ఆయన కుర్చీ కదిలింది. వసుంధర అటు తిరగలేదు. సిబ్బంది పట్టీ తెరిచి, షెహజాది పేరున్న వరసకి పోయి, మొదటి ఎర్ర గుర్తు మీద మౌస్ పెట్టి తీసేసింది. తీసిన కారణం అడిగితే 'సైటు తప్పు' అని రాసింది. రెండోది తీస్తుండగా ఆయన అడుగులు వచ్చి ఆమె కుర్చీ వెనక ఆగాయి. ఆయన ఊపిరి వినిపిస్తోంది. మౌస్ పక్క వరస మీదికి జారింది. సర్దుకుని వెనక్కి తెచ్చింది.

ఆయన అక్కడ నిలబడి ఉండగానే మూడోది కూడా తీసేసింది.